చేటనిండా ఫోన్లు

మా మండలంలో టెలిఫోనును నడిపించింది నేనే. విడపనకల్లు నుంచి ఉరవకొండ దాకా ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ఆ మాట నా చేతుల మీదుగా పోవాల్సిందే. ఒకసారి పెద్ద ఆఫీసరు గారి బంగళాలో ఫోను మూగబోతే నా కోసం జీపు వచ్చింది.

ఇందులో నిజమెంతో ఇప్పుడే చెప్పేస్తాను. లేకపోతే మా ఆవిడ చెప్పేస్తుంది. నేను టెలిఫోను శాఖలో లైనుమీద పనిచేసిన మాట నిజం. స్తంభం ఎక్కేవాడు వేరే. నేను కింద నిచ్చెన పట్టుకునేవాణ్ణి. జీపు వచ్చింది ఆ ఎక్కేవాడి కోసం. నిచ్చెన పట్టేవాడు లేకుండా ఎక్కడం కుదరదు కనుక నన్నూ వెనక కూర్చోబెట్టుకున్నారు. అయినా ముప్పై ఏళ్ళు నిచ్చెన పట్టినవాడికి ఎంతో కొంత విద్య అబ్బకుండా ఉంటుందా? ఊళ్ళో నన్ను ‘ఇంజనీరు’ అని పిలుస్తారు. అందులో సగం మర్యాద, సగం వెటకారం. నేను మాత్రం మొత్తం మర్యాద కిందే జమ వేసుకుంటాను.

పదవీ విరమణ అయ్యాక నాకు దొరికిన ఉద్యోగం ఇంకా పెద్దది. జొన్నరొట్టెల కంపెనీకి మేనేజరు. కంపెనీ మా వంటిల్లు. యజమాని మా ఆవిడ. వరుసగా రెండేళ్ళు వాన మొహం చాటేసి, శనక్కాయ పంట పశువుల మేతకు కట్టె కూడా మిగలకుండా ఎండిపోయినప్పుడు, మా వీధిలో ఐదుగురు ఆడవాళ్ళను కూడగట్టి ఆమె ఈ పని మొదలుపెట్టింది. మొత్తం ఆరుగురు. మా వైపు జొన్నరొట్టెను పలచగా కొట్టి, పెనం మీద కాల్చి, నీడన ఆరబెడితే అప్పడంలా కరకరలాడుతుంది. నెల రోజులైనా చెడదు. అట్టపెట్టెల్లో సర్ది బస్సులో వేస్తే బళ్ళారి హోటళ్ళకు, ఉరవకొండ అంగళ్ళకు పోయేది.

మేనేజరుగా నా పని ఫోను చూసుకోవడం. ఆరుగురూ కలిసి కొన్న ఒక ఫోను ఉండేది. దాన్ని రొట్టెల ఫోను అనేవాళ్ళం. ఆర్డర్లు అందులో రావాలి. వస్తే కదా! మా ఊరికీ, పక్కన ఇంకో రెండు ఊళ్ళకూ కలిపి ఒకటే టవరు. ఫోను తెర మీద సిగ్నల్ గీతలు నాలుగూ నిటారుగా నిలబడి ఉంటాయి, నెట్ మాత్రం రాదు. కుళాయి ఉంది, నీళ్ళు లేవు. ఇంకొంచెం ఎత్తుకు, మిద్దె మీదికి ఎక్కితే కర్ణాటక టవరు అందుకుని కన్నడంలో స్వాగతం చెబుతుంది, అంతే. అన్నం మాత్రం పెట్టదు.

ఒకసారి మా రొట్టె ఫోటో తీసి బళ్ళారి హోటలాయనకు పంపాను. ఆ ఫోటో గుండ్రంగా తిరుగుతూ, తిరుగుతూ పొద్దంతా పోలేదు. నేను బస్సెక్కి బళ్ళారి పోయి, ఆయన ఎదుట కూర్చుని టీ తాగుతుండగా వచ్చింది. వచ్చింది కూడా మసకమసకగా. ఆయన దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, “ఏమప్పా, ఇది రొట్టెనా? చందమామనా?” అన్నాడు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ అదే హోటలాయన ఒక గురువారం పెట్టిన పెద్ద ఆర్డరు మాకు శనివారం చేరింది. శుక్రవారానికి కావాల్సిన రొట్టెలవి. అప్పటికే ఆయన వేరేచోట తెప్పించుకున్నాడు. ఎన్ని కావాలో తెలియక ఆడవాళ్ళు ఒక రోజు ఎక్కువ కొట్టేవాళ్ళు, ఆ రొట్టెలు ఆరిళ్ళలో వారం రోజులు తినాల్సి వచ్చేది. ఇంకో రోజు తక్కువ కొట్టి, పొయ్యి మళ్ళీ రాజేసేలోపు బస్సు పోయేది. ఎన్ని కొట్టాలో తెలియని చెయ్యి ఎంత పనిమంతురాలిదైనా సగం పనే చేస్తుంది. ఈ ముక్క మా ఆవిడ అన్నది. నాది అని చాలాచోట్ల చెప్పుకున్నాను.

అట్లాంటి రోజుల్లో బెంగళూరు నుంచి ఒకావిడ ఫోను చేసింది. హాస్టళ్ళకు భోజనాలు వండి పంపే వ్యాపారం ఆమెది. ఎవరింట్లోనో మా రొట్టె తిన్నదట. రోజూ కావాలంది. నేనప్పుడు ఊరి బయట, గాలిమర కింద గుండురాయి మీద నిలబడి ఉన్నాను. మాట తెగకుండా వినపడే చోటు అదొక్కటే.

“సార్, మీ దగ్గర నెట్ బాగుంటుందా? నేను రోజూ ఎన్ని కావాలో మెసేజ్ పెడతాను. మధ్యలో మార్పులుంటాయి. వంటగది కూడా ఒకసారి వీడియోలో చూడాలి. నాకు శుభ్రత ముఖ్యం.”

నా నాలుక సంగతి నాకు తెలుసు. దాన్ని పట్టుకునేలోపే జారిపోయింది.

“నెట్టా మేడం? ఫైబర్ ఉంది. ఇంటినిండా వైఫై. వంటింట్లో సపరేటుగా ఇంకోటి పెట్టించాము. మేము టెలిఫోను డిపార్టుమెంటు వాళ్ళం కదా!”

ఆమె సంతోషించింది. బుధవారం పదకొండు గంటలకు వీడియో కాల్ చేస్తాననీ, వంటిల్లు నచ్చితే రోజువారీ ఆర్డరు ఇస్తాననీ చెప్పింది.

ఇంటికి వచ్చి ఆర్డరు సంగతి చెప్పాను. ఫైబరు సంగతి చెప్పలేదు. ఆరుగురి మొహాలూ వెలిగాయి. అందరికంటే ఎక్కువ పక్కింటి కోడలి మొహం. ఆ ఆరుగురిలో రొట్టె పలచగా కొట్టే చెయ్యి ఆమెదే. ఆమె కొట్టిన రొట్టెను పొయ్యికి ఎదురుగా పట్టుకుంటే మంట కనిపిస్తుంది. అప్పటికే ఆమె, ఆమె మొగుడు బెంగళూరులో బిల్డింగుల పనికి పోవడానికి మేస్త్రీకి మాటిచ్చేశారు. గురువారం పొద్దున బండి వస్తుంది. పిల్లలిద్దర్నీ బడి మాన్పించి వెంట తీసుకుపోవాలి. మూట కట్టి తలుపు వెనక పెట్టుకుంది.

“పెదనాయనా, బుధవారం ఆయమ్మ సరే అంటే నేను పోను. మా ఆయనొక్కడే పోతాడు. పిల్లోల్ల బడి నిలబడతాది” అంది.

ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు. అంటే మూడు రొట్టెల బదులు రెండే తిన్నాను.

ఆ మూడు రోజులూ రొట్టెల ఫోను చేత్తో పట్టుకుని వంటింట్లో తిరగని మూల లేదు. జొన్నల డబ్బా మీద పెట్టి చూశాను. కిటికీకి వేలాడదీశాను. అటక ఎక్కి కూర్చున్నాను. మా ఆవిడ పిండి కలుపుతూ, “మామా, నువ్వేమన్నా బల్లి పడతాండావా?” అని అడిగింది. ఒక సంగతి మాత్రం పట్టుకున్నాను. తెల్లారుజామున ఐదింటికి, ఊరు లేవకముందు, అదే వంటింట్లో వీడియో సుబ్బరంగా ఆడుతుంది. ఊరు లేచి పళ్ళు తోముకునేసరికి నత్తి మొదలవుతుంది. పది దాటితే పక్షవాతం. టవరు ఎంత ఇస్తుందో అంతే ఇస్తుంది, పంచుకునేవాళ్ళు పెరిగేకొద్దీ ఒక్కొక్కరికి చుక్క. దాన్నే బ్యాండ్‌విడ్త్ అంటారని తర్వాత తెలిసింది.

ఇంత తెలిసినవాడు నోరు మూసుకుని ఉండాలి కదా! టీ అంగడిలో కూర్చుంటే ఉండబుద్ధి కాలేదు. “బుధవారం పదకొండింటికి మా వంటిల్లు బెంగళూరులో కనపడుతుంది” అన్నాను. సాయంత్రానికి అది ఢిల్లీ దాకా పోయింది. దాన్ని ఢిల్లీకి పంపింది కూడా నేనే.

“ఏమప్పా ఇంజనీరూ, మీ ఇంటామె టీవీలో వస్తాదంట?”

“టీవీ యాడిదిరా? అదేముంది! ఇది నేరుగా. ఈడ రొట్టె తిప్పితే ఆడ కనపడతాది.”

బుధవారం పదిన్నరకే మా ఇంటి ముందు తిరునాళ్ళ. ఊరికి మర్యాద వచ్చే పనికి ఊరంతా రావడం మా దగ్గర ఆనవాయితీ. వచ్చినవాళ్ళు ఉత్తచేతులతో రాలేదు. ఫోన్లతో వచ్చారు. ఒకాయన మా ఇంటిని వీడియో తీస్తున్నాడు. ఒకావిడ గుంతకల్లులో ఉన్న చెల్లెలికి వీడియో కాల్ చేసి, “చూడు, చూడు, ఈడే” అని చూపిస్తోంది. మాతో ఎనిమిది నెలలుగా మాటల్లేని గొర్రెలాయన కూడా వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన రోజంతా గొర్రెల వెనక ఫోనులో వీడియోలు చూస్తూ నడుస్తాడు. “నీ గొర్రెలకు కాళ్ళెన్నో కూడా ఫోనులోనే చూస్తావా?” అని ఒకసారి పదిమందిలో అన్నాను. అప్పటినుంచి మాటల్లేవు. ఆ రోజు కూడా ఆయన చేతిలో ఫోను ఏదో పాడుతూనే ఉంది.

పదకొండింటికి కాల్ వచ్చింది. తెర మీద బెంగళూరావిడ మొహం ఒక్క క్షణం కనిపించి ముక్కలు ముక్కలైంది. మా ఆవిడ రొట్టె కొట్టడానికి ఎత్తిన చెయ్యి అట్లాగే గాలిలో ఆగిపోయిందట, అవతల. “హలో... సార్... కనప... లేదు” అని నాలుగు ముక్కలు వినిపించి తెగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ తెగింది. కాసేపటికి మెసేజ్ వచ్చింది. ఇంకోసారి పన్నెండింటికి ప్రయత్నిస్తాననీ, అప్పుడూ కుదరకపోతే వదిలేద్దామనీ, తనకు పిలిస్తే అందే మనుషులు కావాలనీ.

పక్కింటి కోడలు చేతిలో ముద్ద రొట్టెలు కొట్టే పలక మీద పెట్టేసింది. తడిగుడ్డతో చేతులు తుడుచుకుంది, అంతే. ఆ తుడుచుకోవడం చూశాక నాకు దాచుకునే ఓపిక పోయింది.

మా ఆవిడ నా వైపు తిరిగి, “మామా, ఆయమ్మతో ఏం చెప్పినావు?” అంది.

“ఫైబర్ ఉండాదని చెప్పినా.”

“ఇంకా?”

“వంటింట్లో ఇంకోటి సపరేటుగా ఉండాదని.”

గుమ్మం దాకా నిండిన జనంలో ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. మా ఆవిడ పిండి చేతులతోనే నెత్తి కొట్టుకుంది. నెత్తి తెల్లనైంది. అది అంతకుముందే తెల్లనని ఇప్పుడు చెప్పడం క్షేమం కాదు.

“ఇప్పుడేం చేద్దామో అది చెప్పు ముందు” అంది.

చెప్పాను. మొదటిసారి, కలపకుండా, పెంచకుండా. టవరొకటే. ఇంతమందీ ఇంతసేపూ ఫోన్లు ఆడిస్తున్నందుకే మనకు రావడం లేదు. వీళ్ళందర్నీ పిలిచింది నేనే.

ఎనిమిది నెలలుగా నాతో మాట్లాడని గొర్రెలాయనే మొదట నోరు తెరిచాడు.

“అంతేనా? బోరొకటే, బిందెలు నూరు. దానికింత కథ యాలా? ఈ మాట ముందే చెప్పుంటే అయిపోయేది గదన్నా.”

మా ఊరి గురించి ఒక సంగతి చెప్పాలి. ఎండాకాలం మాకు ఒకటే బోరు నీళ్ళిస్తుంది. బిందెలు వరుసలో ఉంటాయి. మనిషి లేకపోయినా బిందె ఉంటే ఆమె వంతు ఆమెదే, ఎవరూ జరపరు. కానీ ఎవరింట్లోనైనా బాలింత ఉన్నా, పెళ్ళి ఉన్నా, చావు జరిగినా వరుసలో ఉన్న వాళ్ళంతా తమ వంతు వదిలేస్తారు. ఆ ఇంటి బిందెలు నిండాకే మిగతావి. ఎవరూ అడగనక్కర్లేదు. ఆ ఇంటివాళ్ళు వచ్చి నిలబడితే చాలు.

గొర్రెలాయన వాళ్ళమ్మ, కంటి చూపు సరిగా లేని ముసలామె, అరుగు మీద కూర్చుని అంతా వింటోంది. ఆమె కర్రతో నేలమీద కొట్టింది.

“బాలింతింటికి ఇడుస్తాం. సావింటికి ఇడుస్తాం. ఈ పొద్దు వంతు రొట్టెలింటిది. పెట్టండమ్మా, యాడోళ్ళాడ ఆపి పెట్టండి.”

మా ఆవిడ జొన్నలు చెరిగే చేట తెచ్చి గుమ్మంలో పెట్టింది. గొర్రెలాయన చేటలో వెయ్యబోయి ఆగి, ఆఖరుగా ఒక ఫోను చేశాడు. టవరు కింద ఉన్న మిగతా రెండు ఊళ్ళలోనూ ఆయనకు చుట్టాలున్నారు. “ఒరే, ఒక గంట ఎవురూ ఫోన్లు చూడాకండి. యాలనా? తర్వాత చెప్తా. మీ ఊర్లో అందరికీ చెప్పు. చెప్పి నీది కూడా ఆపు.” అది అయ్యాక పాట ఆపి, ఫోను ఆపి, చేటలో పడేశాడు. తర్వాత ఒక్కొక్కటీ పడ్డాయి. గుంతకల్లు చెల్లెలికి, “ఉండు, మళ్ళా చేస్తా” అని చెప్పి ఆమె కూడా వేసింది. కొందరు తెర నల్లబడితే చాలు ఆగిపోయినట్టే అనుకుని బోర్లా పెట్టారు. వాటన్నిటినీ నేను కూర్చుని ఒకటొకటిగా ఆపాను. నా జీవితంలో ఇంజనీరు పని చేసింది ఆ అరగంటే.

ఆ చేటలో నూట యాభై ఫోన్లున్నాయని ఎనిమిది చోట్ల చెప్పాను. ఒక చేటలో ఎన్ని పడతాయో మీరే చూసుకోండి. ముప్పై దాటవు. కానీ ఆడవాళ్ళు కొందరు ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి చెప్పగా ఇళ్ళలోనే ఆపినవాళ్ళను, పక్క ఊళ్ళవాళ్ళను లెక్కలోకి తీసుకుంటే నా మాట మరీ అంత అబద్ధం కాదు.

పన్నెండింటికి కాల్ వచ్చింది. తెర అద్దంలా ఉంది. బెంగళూరావిడ కళ్ళజోడు మీద దుమ్ము కూడా కనపడింది. మా ఆవిడ పొయ్యి చూపించింది, నీళ్ళ కుండ చూపించింది, ఆరబెట్టిన రొట్టెల మీద కప్పిన తెల్లగుడ్డ ఎత్తి చూపించింది. పక్కింటి కోడలు రొట్టె కొట్టింది. చప్పుడు కూడా తెగకుండా పోయింది. కొట్టిన రొట్టెను మంటకు ఎదురుగా పట్టుకుంది.

“వైఫై చాలా బాగుంది సార్” అందావిడ.

నేను ఒప్పేసుకునేవాణ్ణే. మా ఆవిడ నన్ను పక్కకు నెట్టేసింది.

“మేడం, మా ఆయన చెప్పినట్ల మాకు ఫైబరూ లేదు, గిబరూ లేదు. పొద్దున మీ ఫోను తెగిపోయినాక ఊరు ఊరంతా ఫోన్లు ఆపి పెట్టినారు, మీతో మాట్లాడనీకి. ఇదో, చూడండి.” ఫోను తిప్పి చేట చూపించింది. తర్వాత గుమ్మంలో, అరుగు మీద, వీధిలో చడీచప్పుడు లేకుండా నిలబడ్డ మనుషుల్ని చూపించింది. ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదు. ఫోన్లు లేకపోతే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక కొందరు కట్టుకున్నారు.

అవతల చాలాసేపు మాట రాలేదు. మళ్ళీ తెగిందేమోనని నేను తెర దగ్గరికి పోయాను. తెగలేదు. ఆవిడ చూస్తోంది.

“రోజూ ఇట్లా ఆపలేరు కదమ్మా” అంది చివరికి. “మీకు నెట్ ఎప్పుడు బాగుంటుంది?”

ఇంటివాళ్ళంతా నా వైపు చూశారు.

“తెల్లారి ఐదింటికి మేడం” అన్నాను. “ఊరు లేవకముందు. తర్వాత ఉండదు. ఇది నిజం.”

“అయితే ఐదింటికే ఆ రోజు లెక్క పెడతాను. తర్వాత మార్చను. సోమవారం నుంచి మొదలుపెట్టండి. రొట్టెలు మాత్రం ఆ అమ్మాయి కొట్టినంత పలచగా ఉండాలి.”

గురువారం పొద్దున మేస్త్రీ బండి వచ్చింది. పక్కింటి కోడలి మొగుడు ఒక్కడే ఎక్కాడు. ఆమె పిల్లల్ని బడికి పంపి, రొట్టెల పలక చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. తలుపు వెనక మూట విప్పి అందులోని పెనం కూడా తెచ్చింది. ఆ రోజు తొలి వాయి రొట్టెలు తువ్వాల్లో చుట్టుకుని గొర్రెలాయన ఇంటికి నేనే పోయాను. “కాళ్ళు నాలుగే అన్నా, లెక్కపెట్టుకున్నా” అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఇప్పటికీ రోజూ మొదటి రెండు రొట్టెలు వాళ్ళమ్మకు పోతాయి.

ఈ మధ్య మా వీధికి నిజంగానే ఫైబర్ వచ్చింది. వంటింట్లో దీపం మిణుకుమిణుకుమంటూ పెట్టె ఉంది. నేను ముందే చెప్పానన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. ఆర్డర్లు ఏ వేళకైనా రావచ్చు, కానీ బెంగళూరావిడ ఇప్పటికీ ఐదింటికే పెడుతుంది. ఐదున్నరకు ఆరుగురికీ ఆ పూట లెక్క తెలుస్తుంది. ఒక్క రొట్టె ఎక్కువ కాదు, ఒక్కటి తక్కువ కాదు. పది గంటలకు పెట్టెలు బస్సులో ఉంటాయి.

ఇక్కడితో ఆపితే నేను మంచివాడిగా మిగులుతాను. ఇన్నేళ్ళూ ఇక్కడే ఆపాను. పోయిన వారం పక్కింటి కోడలు ఆపనివ్వలేదు.

రొట్టె తిప్పుతూ, “పెదనాయనా, ఆ పొద్దు చేటలో అడుగున పడిన ఫోను ఎవరిదో తెలుసునా?” అంది.

నాకు తెలుసు. ఆ రోజు మా బావమరిదికి మా ఘనత చూపించాలని పదిన్నరకే నా సొంత ఫోను నుంచి వీడియో కాల్ చేసి, హడావుడిలో తెంపకుండానే చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఊరందరి ఫోన్లూ ఆపించి, ఒక్కొక్కటీ తనిఖీ చేసిన ఇంజనీరు జేబులోనే ఒకటి నడుస్తోంది. తర్వాత బావమరిది చెప్పాడు: “గంటకు పైనే నీ బీడీ కట్ట చూపించినావు బావా. ఆ పైన ఎవురో ఆడమనిషి మొగం అగుపించింది, శానా కోపంగా. అంతే, కట్.”

“జేబులో దీపం వెలుగుతాండె” అంది ఆమె. “మీరు వంగినప్పుడు తీసేసి అడుగున పెట్టినా.”

“ఇన్నేండ్లు చెప్పలేదేమ్మా?”

“చెప్తే మిమ్మల్ని ఊర్లో బతకనిస్తారా? అదీ కాక, ఆ పొద్దు అది తియ్యకుంటే నేను గురువారం బండెక్కేదాన్ని గదా, పెదనాయనా.”

పొయ్యి దగ్గర నుంచి మా ఆవిడ, “నాకు ఆ పొద్దే తెలుసులే” అంది, తల తిప్పకుండా.

పక్కింటి కోడలు పెనం మీంచి తీసి ఇచ్చిన రొట్టెను మంటకు ఎదురుగా పట్టుకుని చూశాను. కనిపించింది. విరుచుకుని తిన్నాను.

ఇప్పుడు రోజూ ఐదింటికి రొట్టెల ఫోనులో ఆర్డరు చూసే ముందు నా సొంత ఫోను ఆపి చేటలో పెడుతున్నాను. ఫైబర్ వచ్చాక ఆ అవసరం లేదని అందరూ అంటారు. అవసరం లేదని నాకూ తెలుసు.